ఇద్దరు తల్లులు చూసే గోడ

రైతు: ముందే చెప్పేస్తున్నాను బావగారూ, ఈ విషయంలో మీరూ నేనూ కలవం. జైలుకి పెద్ద కిటికీలు కావాలి, చెట్లు కావాలి, వెలుతురు కావాలి అని మీరంటుంటే నాకు మింగుడుపడటం లేదు. మనిషిని చంపి లోపలికి వెళ్లినవాడు నీడపట్టున కూర్చుంటాడు. పోయినవాడి తల్లి ఎండలో కూలికి పోతోంది. ప్రభుత్వం దగ్గర పది రూపాయలు మిగిలితే ముందు ఆ తల్లికి ఏం చేసిందో చెప్పమనండి. ఆ తర్వాత కిటికీల సంగతి వింటాను.

ఇంజనీరు: ఆ తల్లికి మనం చేసింది చాలా తక్కువ. అందులో మీతో వాదించను. నేనడిగేది ఇంకొకటి. పదేళ్ల ఖైదు అని కోర్టు తీర్పు రాస్తుంది. ఆ తీర్పు తీసుకునేది మనిషి స్వేచ్ఛని. ఉక్కపోతలో ఒకరి మీద ఒకరు పడుకోవాలని, రాత్రంతా మరుగుదొడ్డి కంపు పీల్చాలని, తల్లి చూడ్డానికొస్తే జాలీకి అవతలి నుంచి అరుస్తూ మాట్లాడాలని ఏ జడ్జిగారూ రాయరు. అవన్నీ భవనం వేసే శిక్షలు. జైలు గేటు దాటినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని సునీల్ బాత్రా కేసులో 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నేను ముప్పై ఏళ్లు గోడలు కట్టినవాణ్ణి. జడ్జిగారు వేయని శిక్ష నా గోడ వేస్తుంటే నేను ఊరుకోకూడదు కదండీ.

రైతు: శిక్షంటేనే కష్టం. కష్టం లేని చోట భయముండదు. చిన్నప్పుడు మా ఊరు కడియం నుంచి రాజమండ్రి వెళ్తే మా నాన్న సెంట్రల్ జైలు గోడ చూపించేవాడు, తప్పు చేస్తే అందులో వేస్తార్రా అని. ఆ గోడ ఎత్తు చూసే మేం జాగ్రత్తగా పెరిగాం. అక్కడ పూలతోట కనబడితే రేపు నా మనవడికి ఏం చూపించను?

ఇంజనీరు: గోడ తీసేయమని నేననలేదు. నార్వేలో 2010లో హాల్డెన్ జైలు తెరిచారు. లోకమంతా మెత్తని జైలని చెప్పుకునేది దాన్నే. దాని చుట్టూ ఆరు మీటర్ల కాంక్రీటు గోడ ఉంది. ఆ గోడ లోపల అడవి చెట్లను అలాగే ఉంచారు, గదుల కిటికీలకు ఊచలు పెట్టలేదు, ఖైదీలు వండుకునే వంటిల్లు కట్టారు. గోడ ఊరివాళ్ల భద్రత కోసం. లోపలి అమరిక, రేపు ఆ ఊళ్లోకే వచ్చేవాడి కోసం. ఇక భయం మాటంటారా, పట్టుబడిపోతాననే భయం మనిషిని ఆపుతుంది. లోపల గాలి ఆడుతుందా లేదా అని ఆలోచించి కత్తి కింద పడేసినవాణ్ణి నేనెరగను.

రైతు: నార్వే జనాభా ఎంతండీ? మన పాత తూర్పు గోదావరి జిల్లా జనాభాకి కాస్త అటూ ఇటూ. సముద్రంలో చమురు దొరికిన దేశం. వాళ్లు చేతనైనంత చేసుకుంటారు. మన దగ్గర వెల్ఫేర్ హాస్టల్లో ఒక్కో గదిలో ఎంతమంది పిల్లలు పడుకుంటున్నారో మీకు తెలుసు. ఆ పిల్లలు ఏ తప్పూ చేయలేదు. తప్పు చేయనివాడి గదికన్నా తప్పు చేసినవాడి గది బాగుండాలంటే జనం ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడం న్యాయమే అంటాను.

ఇంజనీరు: మీ మాటలో బలం ఉంది. నార్వే గురించి ఇంకో మాట నేనే ఒప్పుకోవాలి. అక్కడ విడుదలైన రెండేళ్లలో మళ్లీ శిక్ష పడేవాళ్లు నూటికి ఇరవైమంది చుట్టూ ఉంటారని నేనూ చెబుతూ తిరిగేవాణ్ణి. ఒక్కో దేశం ఒక్కో రకంగా లెక్కేస్తుంది కాబట్టి ఆ అంకెల్ని పక్కపక్కన పెట్టకూడదు. పైగా అక్కడ బయటికొచ్చినవాడికి ఇల్లు, వైద్యం, పని చూపించే ఏర్పాటు ఉంది. ఆ ఘనతంతా కిటికీది అనడం నా పొరపాటు. సరే, హాల్డెన్‌ని వదిలేద్దాం. మన దేశంలోనే జైపూర్ దగ్గర సాంగనేర్‌లో 1963 నుంచి ఓపెన్ జైలు నడుస్తోంది. అక్కడ ఖైదీలు పెళ్లాంపిల్లలతో చిన్న ఇళ్లలో ఉంటారు. పొద్దున్నే బయటికెళ్లి పని చేసుకుని సంపాదించుకుంటారు, సాయంత్రం హాజరుకు తిరిగొస్తారు. వార్డర్లు కొద్దిమందే. ఎవరి తిండి వారిదే. మీరు హాస్టలుతో పోల్చారు గనుక చెబుతున్నాను, ఎత్తైన గోడా, తాళాలూ, కాపలా, మూడు పూటల మేపూ ఉన్న జైలే ప్రభుత్వానికి ఎక్కువ ఖర్చు. నేనడిగే జైలు దానికన్నా చవక.

రైతు: చవక, ఖరీదు పక్కన పెట్టండి. అసలు గోడ మనిషిని మారుస్తుందన్న మాటే నేను నమ్మను. దానికి మన రాజమండ్రి జైలే సాక్ష్యం. ద్రాక్షారామానికి చెందిన దువ్వూరి సుబ్బమ్మగారు 1922లో ఆ జైల్లోనే ఉన్నారు. స్వరాజ్య ఉద్యమంలో ఎంతమంది అందులో మగ్గారు! అవే బ్యారక్‌లు, అదే గంజి. బయటికొస్తే ఊరు దండలతో ఎదురెళ్లింది. వాళ్లు జైలుకెళ్లొచ్చామని జీవితాంతం గర్వంగా చెప్పుకున్నారు. మనవాళ్లు పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా ఆ మాట గొప్పగా ఎత్తేవారు. మరి అదే గేటులోంచి ఇవాళ దొంగతనం కేసువాడు వస్తే మొహం తిప్పుకుంటాం. గోడ మారలేదు కదా. మారింది ఊరి చూపు. కాబట్టి మీరు నక్షాలు గీయడం కాదు, ఊరిని మార్చుకోండి.

ఇంజనీరు: ఇది మీ వాదనలన్నిట్లో గట్టిది. జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఆ సత్యాగ్రహులకి లోపల ఏముందో చూడండి. ఒకరికొకరున్నారు. తెలిసినవాళ్ల దగ్గర తెలియనివాళ్లు చదువు నేర్చుకున్నారు, చర్చలు చేసుకున్నారు. జైలుని వాళ్లే బడి చేసుకున్నారు. 1929లో జతీంద్రనాథ్ దాస్ లాహోర్ జైల్లో నిరాహారదీక్ష చేసి ప్రాణం వదిలాక, 1930లో బ్రిటిష్‌వాళ్లు ఖైదీల్ని ఎ, బి, సి అని తరగతులు చేశారు. పై తరగతికి మంచం, బల్ల, పుస్తకం, దీపం, ఉత్తరాలు. అంటే మనిషిగా నిలబడాలంటే ఏమేం కావాలో దొరలకి తెలుసు. తెలిసే కొందరికిచ్చి, తక్కినవాళ్లకి ఇవ్వలేదు. ఇవాళ దొంగతనం కేసువాడు ఆ సి తరగతి బ్యారక్‌కి వారసుడు. ఊరి చూపు మారాలన్నది నిజం. మనిషి విరిగిపోయి బయటికొస్తే ఆ చూపు మారడం ఇంకా కష్టం.

రైతు: దొరలు తెలిసే అలా కట్టారంటారా?

ఇంజనీరు: కాగితం మీద రాసుకునే కట్టారు. మెకాలే సభ్యుడిగా ఉన్న జైలు క్రమశిక్షణ కమిటీ 1836లో కూర్చుని 1838లో నివేదిక ఇచ్చింది. ఏడాదికి మించి శిక్ష పడినవాళ్ల కోసం సెంట్రల్ జైళ్లు కట్టాలన్న ఆలోచన అందులోదే. చదువుతోనో, మంచిమాటలతోనో ఖైదీని బాగుచేద్దామన్న ఊహను ఆ కమిటీ తోసిపుచ్చింది. పని ఇవ్వాలి, అది విసుగు పుట్టించేదిగా ఉండాలంది. ఆ తర్వాత వచ్చిందే 1894 జైళ్ల చట్టం. మన రాజమండ్రి సెంట్రల్ జైలు కూడా ఆ 19వ శతాబ్దపు ఆలోచనలో పుట్టిందే. పొడుగాటి బ్యారక్, అందరూ ఒకే వరసలో, ఒక్క వార్డరు అందర్నీ చూసే అమరిక, పొద్దుగూకే వేళకి లెక్క, తాళం. ఆ నక్షాలో ఖైదీ తనంతట తాను చేయడానికి ఒక్క పనీ లేదు. తలుపు తాను తీయడు, దీపం తాను ఆర్పడు, డబ్బు తాను లెక్కపెట్టడు. పద్నాలుగేళ్లు ఏ చిన్న నిర్ణయమూ తీసుకోనివాణ్ణి ఒక ఉదయం గేటు బయట వదిలి, ఇకనుంచి సరైన నిర్ణయాలు తీసుకో నాయనా అంటాం.

రైతు: ఈ ఒక్క మాట నాకు తగిలింది. మా నర్సరీ మడుల్లో మొక్కని ప్లాస్టిక్ సంచిలో ఏళ్ల తరబడి ఉంచితే వేరు సంచి గోడకి తగిలి సుడి తిరిగిపోతుంది. పైకి పచ్చగానే ఉంటుంది. తీసుకెళ్లి నేలలో పెట్టినా ఆ వేరు నేలలోకి పోదు, అక్కడక్కడే చుట్టుకుంటుంది. రెండేళ్లకి చెట్టు పడిపోతుంది. కొన్నవాడు నేల బాగాలేదనుకుంటాడు.

ఇంజనీరు: నేను చెప్పాలనుకున్నది అదే.

రైతు: తొందరపడకండి. మొక్కలతో పోలిక పెట్టాం కాబట్టి రెండో సగం కూడా వినాలి. జామ అంట్ల వేళ్లకి నులిపురుగు పడితే నేను దానికి నీడా నీళ్లూ ఎక్కువిచ్చి బుజ్జగించను. పెరికి తగలబెడతాను. లేకపోతే మడి మడంతా పోతుంది. వేరుకి సుడి పడిందెవరికో, పురుగు పట్టిందెవరికో తేల్చకుండా అందర్నీ కలిపి పెద్ద కిటికీల గదుల్లో పెడతానంటే ఒప్పుకోను. ఇంకో మాట. మొక్క ఎవరినీ చంపలేదు. మొక్కకి బాధితులుండరు. అందుకని ఈ పోలికని ఎక్కువ దూరం లాగకండి.

ఇంజనీరు: లాగను. మీరన్న వేరుచేయడమే నక్షాలో మొదటి పని. మొదటిసారి తప్పు చేసిన పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ణి, పది కేసులున్నవాడి పక్కన పడుకోబెట్టేది ఎవరి చెడ్డతనమూ కాదు, ఆ పొడుగాటి బ్యారక్. 2016 నమూనా జైలు మాన్యువల్ బ్యారక్‌లో ఇరవైమందికి మించకూడదంది, చదువుకునేవాళ్లకి ఒంటరి గదులుండాలంది. ఒక్కొక్కరికి పడుకునే చోటు ఎన్ని చదరపు మీటర్లుండాలో కూడా రాసింది. చిన్న చిన్న ఇళ్లుగా కడితే ఎవరిని ఎవరితో ఉంచాలో అధికారి ఎంచుకోగలడు. పెద్ద కొట్టం కడితే ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. ప్రమాదకరమైనవాణ్ణి బయటికి వదలమని నేనడగడం లేదు. వాణ్ణి గట్టిగా ఉంచాలన్నా తక్కినవాళ్లని వాడి నుంచి విడదీయాలి కదా.

రైతు: అయితే ఇంకో ప్రశ్న. ఆ తక్కినవాళ్లు ఎవరు? 2022 చివర దేశంలో జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నాలుగింట మూడొంతులు. నేరం చేశారని ఇంకా తేలనివాళ్లు. వాళ్లని సంస్కరించడమేమిటి? వాళ్లకి కావలసింది వకీలు, బెయిలు, తొందరగా వాయిదా. మీరు మంచి జైలు కట్టారనుకోండి, ఏం జరుగుతుంది? చోటు పెరిగింది కదా అని ఇంకో నాలుగువందల మందిని తెచ్చి నింపుతారు. మంచి జైలు ఉందన్న ధైర్యంతో జడ్జీలు బెయిలు ఇవ్వడానికి ఇంకా వెనకాడతారు. కాలవ వెడల్పు చేసినకొద్దీ నీళ్లు ఎక్కువ వదులుతారు. డెల్టాలో పుట్టినవాళ్లం, ఈ లెక్క మనకి తెలియదా?

ఇంజనీరు: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు బావగారూ. మీరన్నది నిజం. జైలు భవనంలో చేయదగ్గ అన్నిటికన్నా గొప్ప మార్పు, అందులో ఉండకూడనివాళ్లని బయటికి పంపడం. బెయిలు డబ్బు కట్టలేక లోపలున్నవాడికి నేను ఎంత మంచి కిటికీ పెట్టినా అది అన్యాయానికి వేసిన సున్నమే. అందుకే కొత్త జైలు కట్టే ప్రతిచోటా ముందు ఎంతమందిని తగ్గిస్తారో రాసిచ్చాకే టెండరు పిలవాలంటాను. అయినా ఒక సంగతుంది. విచారణ ఖైదీ నెలలూ సంవత్సరాలూ ఉండేది ఆ బ్యారక్‌లోనే. నిర్దోషి అని తేలి వచ్చినా ఆ బ్యారక్ వాణ్ణి వదలదు. నిర్దోషికి అంత చెడ్డ గది ఇచ్చామంటే మన తప్పు రెట్టింపవుతుంది.

రైతు: సరే. మరి కట్టేది ఎక్కడ? రాజమండ్రి జైలుకి ఊరి నడిబొడ్డున దాదాపు రెండువందల ఎకరాలున్నాయి. ఊరు పెరిగింది, ఆసుపత్రికి చోటు లేదు, బడికి చోటు లేదు. హైదరాబాద్‌లో ముషీరాబాద్ జైలు తీసేసి గాంధీ ఆసుపత్రి కట్టారు. వరంగల్‌లో 1886 నాటి సెంట్రల్ జైలుని 2021లో పడగొట్టి పెద్దాసుపత్రికి ఇచ్చారు. మంచి పనే అనుకున్నాను నేను. జబ్బు చేసినవాడికి చోటిచ్చి, తప్పు చేసినవాణ్ణి ఊరికి దూరంగా పెట్టడంలో అన్యాయం ఏముంది?

ఇంజనీరు: ఆసుపత్రి వద్దని ఎవరంటారు? కాని వరంగల్ జైలు పడగొట్టినప్పుడు ఏం జరిగిందో చూడండి. ఖైదీల్ని వేరే జిల్లాల జైళ్లకి పంపించారు. అక్కడ తివాచీలు నేసే పనికి ఎన్నో ఏళ్ల పేరుంది. మగ్గం మీద చేయి కుదిరినవాడి పని ఆగిపోయింది. వాడి పెళ్లాం ఇంతకుముందు ఒక్క బస్సులో వచ్చేది, ఇప్పుడు ఒక రోజు కూలి పోగొట్టుకుని, చార్జీలకి అప్పుచేసి రావాలి. మొదట నెలకోసారి వస్తుంది, తర్వాత పండక్కి, ఆ తర్వాత రాదు. ములాఖత్ ఆగిపోయినవాడికి బయట ఎదురుచూసేవాళ్లు మిగలరు. జైలు ఎక్కడ కట్టారన్నదే అన్నిటికన్నా పెద్ద వాస్తు. సాంగనేర్ ఓపెన్ జైలు స్థలంలో కొంత ఆసుపత్రికి ఇవ్వబోతే 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఊరు పెరిగిన ప్రతిసారీ ముందు జైలు స్థలం మీదే కన్ను పడుతుంది. లోపలివాళ్లు అడ్డు చెప్పలేరు కదా.

రైతు: ఆడవాళ్ల సంగతేమిటి? రాజమండ్రిలోనే ఆడవాళ్ల ప్రత్యేక జైలుంది. అందులో చంటిపిల్లల తల్లులూ ఉంటారు. నేను ఎంత కఠినంగా మాట్లాడినా, ఆ పిల్లల దగ్గరికొచ్చేసరికి నా వాదన జారిపోతుంది. నిజం ఒప్పుకోవాలి.

ఇంజనీరు: ఆ పిల్లల మీద వచ్చిన తీర్పు పేరులోనే మన రాష్ట్రం ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, 2006. తల్లితో బిడ్డ ఆరేళ్లు నిండేదాకా ఉండొచ్చంది సుప్రీంకోర్టు. ఆ జైలుకి ఆనుకుని శిశువిహారం, నర్సరీ ఉండాలంది, వీలైతే అవి జైలు ప్రాంగణానికి బయట నడపాలంది. ఎందుకో ఆలోచించండి. ఆ బిడ్డ కుక్కని చూడదు, బస్సు చూడదు, నాన్నని చూడదు. యూనిఫాం వేసుకున్నవాళ్లు తాళం తీస్తేనే తలుపు తెరుచుకుంటుందనుకుంటూ పెరుగుతుంది. ఆ తీర్పు చెప్పింది భవనం గురించే. బిడ్డ రోజూ ఒకసారైనా గేటు దాటి బయటికెళ్లి రావాలనే నేను దాన్ని అర్థం చేసుకున్నాను.

రైతు: అది కట్టండి. రేపే కట్టండి. దానికి నా ఓటు ఇప్పుడే వేస్తున్నాను. పెద్దవాళ్ల మాట మాత్రం వేరు.

ఇంజనీరు: పెద్దవాళ్లకీ అలాంటి మెట్లే కావాలంటున్నాను. మీరు నీడవల కింద పెంచిన మొక్కని ఒక్కసారిగా లారీకెక్కించి రాయలసీమ ఎండలోకి పంపుతారా?

రైతు: పంపను. ముందు నీడ తగ్గిస్తాం, నీళ్లు తగ్గిస్తాం, కొన్నాళ్లు ఎండలో పెట్టి గట్టిపడ్డాకే పంపిస్తాం. లేకపోతే దారిలోనే ఆకు మాడిపోతుంది. మీరెక్కడికి తీసుకెళ్తున్నారో తెలుస్తూనే ఉంది.

ఇంజనీరు: అదే దారి మన రాష్ట్రంలో కొంత ఉంది. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో ఓపెన్ జైలు 1965లో పెట్టారు. పద్నాలుగువందల ఎకరాల పైచిలుకు పొలం. లోపల మంచి నడవడితో ఉన్నవాళ్లని శిక్ష చివరి భాగానికి అక్కడికి పంపుతారు. దున్నుతారు, నీళ్లు కడతారు, పశువుల్ని చూసుకుంటారు. అంతకన్నా ముందే 1954లో హైదరాబాద్ మౌలాలిలో ఇలాంటి కాలనీ పెట్టారు. ఇవి కొత్త ఊహలు కావు. శాంతారాం తీసిన ‘దో ఆంఖే బారా హాత్’ సినిమాకి ఆధారం కూడా స్వాతంత్ర్యానికి ముందు మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానంలో పెట్టిన ఇలాంటి కాలనీయే. నేనడిగేది, మూసిన జైలుకీ రెడ్డిపల్లికీ మధ్య ఇంకో రెండు మెట్లు. ఆ మెట్లు మన జిల్లాలోనే, ఇంటికి దగ్గరలో. 2023లో కేంద్రం రాసిన నమూనా జైళ్ల చట్టంలోనూ ఓపెన్, సెమీ ఓపెన్ జైళ్ల మాటుంది.

రైతు: పొలంలో పనిచేసి చెమటోడ్చడం నాకిష్టమే. అది హాల్డెన్‌కన్నా నాకు అర్థమయ్యే మాట. మరి ఆ చెమటలో బాధితుడి వాటా ఎంత? 1977లో మన రాష్ట్రం నుంచే గియాసుద్దీన్ కేసు సుప్రీంకోర్టుకెళ్లిందని ఇదివరకు మీరే చెప్పారు. ఉద్యోగాలిప్పిస్తానని కుర్రాళ్ల దగ్గర డబ్బు గుంజినవాడు. జస్టిస్ కృష్ణయ్యర్‌గారు శిక్ష సగానికి తగ్గించి, వాడికి తగిన పని ఇవ్వండి, మనిషిని బాగుచేయండి అన్నారు. గొప్ప తీర్పే అయ్యుండొచ్చు. డబ్బు పోగొట్టుకున్న ఆ కుర్రాళ్లు ఏమయ్యారో ఎవరికైనా గుర్తుందా? దోషి పేరు మీద తీర్పు నిలిచింది. మోసపోయినవాళ్ల పేర్లు మనలో ఎవరికీ తెలియవు.

ఇంజనీరు: తెలియవు. ఆ తీర్పుని నేను ఎన్నిసార్లు మెచ్చుకున్నానో, అన్నిసార్లూ వాళ్లని మర్చిపోయాను. మీ మాటకి నా దగ్గరున్న జవాబు ఒక్కటే. 1998లో ఖైదీల కూలి గురించి సుప్రీంకోర్టు తీర్పిస్తూ, న్యాయమైన కూలి ఇవ్వాలనీ, అందులోంచి కొంత బాధితులకి చేరేలా చట్టం చేయాలనీ అంది. కూలి న్యాయంగా ఉండాలంటే పని నిజమైన పనిగా ఉండాలి. జైలు లోపల పనిచోటు ఒక మూల రేకుల షెడ్డుగా మిగిలితే వచ్చేది చిల్లర. ఆ చిల్లరలో బాధితుడికి పంచేదేముంటుంది? అసలు జైలుకి నడుమ కట్టవలసింది పనిశాల. బ్యారక్‌లు దాని చుట్టూ ఉండాలి. ఇప్పుడు తలకిందులుగా ఉంది.

రైతు: కాగితం మీద బాగుంది. నేనొక నియమం పెడతాను. ఆ జైలు ప్లాను వేసేటప్పుడు బల్ల చుట్టూ ఇంజనీరు, జైలు సూపరింటెండెంటు, జడ్జిగారు కూర్చుంటారు కదా. హత్యకి గురైనవాడి తల్లో, భార్యో అక్కడ ఒక కుర్చీలో కూర్చోవాలి. ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాకే పునాది తీయాలి.

ఇంజనీరు: ఒప్పుకున్నాను. మనస్ఫూర్తిగా. నాది కూడా ఒక మాట వినండి. ఉద్యోగంలో ఉండగా ఒక జైలు మరమ్మతుల ఎస్టిమేటు నేను తయారుచేశాను. గోడ ఎంత పెంచాలి, ఊచలు ఎంత మందం, ముళ్లతీగ ఎన్ని వరసలు అన్నీ అణా పైసలతో లెక్కకట్టాను. వెంటిలేటర్ల ఖాతాలో సున్నా వేశాను. ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు. లోపల మనుషులుంటారని తెలియక కాదు, ఏదో ఒకరోజు వాళ్లు బయటికొస్తారన్న సంగతి ఆ ఎస్టిమేటులో ఎక్కడా లేదు. ఇప్పుడు నేనింత గట్టిగా మాట్లాడుతున్నది ఆ సున్నాని మర్చిపోలేకే.

రైతు: మీరు చెప్పారు కాబట్టి నేనూ చెప్పాలి. కొన్నేళ్ల కింద మా ఊరివాడే ఒకడు శిక్ష పూర్తిచేసుకుని వచ్చాడు. తాగిన మైకంలో గొడవ, ఒక ప్రాణం పోయింది. లోపల ఉన్నన్నాళ్లూ తోటపని నేర్చుకున్నానన్నాడు. సంచులకి మట్టి నింపే పనైనా ఇవ్వమని నా మడి గట్టు మీద నిలబడ్డాడు. రోజుకి మూడు వందలిచ్చినా వస్తానన్నాడు. మంచి కూలీ దొరక్క నేను అల్లాడుతున్న రోజులవి. ఆడకూలీలు భయపడతారని చెప్పి పంపేశాను. నిజానికి వాళ్లనెవరినీ నేనడగలేదు. వాడు నాతో వాదించలేదు, దండం పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత ఊళ్లో కనబడలేదు.

ఇంజనీరు: జైలు గోడకి ఇవతలి సగం కడియంలో ఉందన్నమాట.

రైతు: ఉంది. కాదనను. మరి నేనెందుకు పంపేశానో కూడా మొత్తం చెప్పనివ్వండి. చనిపోయినవాడి తల్లి మా మడిలోనే కలుపు తీస్తుంది. ఆవిడ కళ్లెదుట వాడికి పని ఎలా ఇవ్వను? మీరు వాడి వేరు గురించి చెప్పారు, నేను విన్నాను. ఆవిడ కడుపుకోత గురించి ఏ నక్షా మాట్లాడుతుంది? వాడి తల్లీ, ఈ తల్లీ ఒకే కాలవ గట్టు మీద ఉంటారు. ఒకే బస్సెక్కుతారు. ఒకావిడ ములాఖత్‌కి దిగేది, రెండో ఆవిడ ఆ జైలు గోడ వైపు చూడకుండా ముందుకెళ్లేది. మీరు కట్టే జైలు ఆ ఇద్దరూ చూస్తారు బావగారూ. మొదటావిడకి నా కొడుకు మనిషిగా తిరిగొస్తాడన్న నమ్మకం ఇవ్వాలి. రెండో ఆవిడకి నా కొడుకు ప్రాణాన్ని తేలిగ్గా తీసుకోలేదన్న నమ్మకం ఇవ్వాలి. అలాంటిది కట్టగలరా?

ఇంజనీరు: అలాంటి నక్షా నా దగ్గర ఇంకా లేదు. మొదటావిడ కోసం ఏం కట్టాలో నాకు తెలుసు. చిన్న ఇళ్లు, ఇంటికి దగ్గర చోటు, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే ములాఖత్ గది, నిజమైన పనిశాల, బయటికి దారి చూపే మెట్లు. రెండో ఆవిడ కోసం ఏం కట్టాలో ఆవిడనే అడగాలి. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క ఎస్టిమేటుకైనా అలాంటి తల్లిని ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు.

రైతు: వాడు మళ్లీ గట్టు మీదికొస్తే పని ఇస్తానని మాటివ్వలేను. ఆవిడని అడగకుండా మాత్రం ఈసారి వాణ్ణి పంపించను.